ఫైటర్ చేప నురగ గూడు: దాన్ని ఎలా చదవాలి, జత కట్టించాలా వద్దా ఎలా తేల్చుకోవాలి

కొత్తగా తెచ్చుకున్న ఫైటర్ చేప వారం పది రోజులకు ట్యాంకులో ఒక మూలన, నీటి మీద తెల్లని నురగను కుప్పగా పేర్చి, దాని కిందే తచ్చాడుతూ కనిపిస్తే పెంచేవారికి సాధారణంగా రెండు ఆలోచనలు వస్తాయి. చేప సంతోషంగా ఉందన్నది మొదటిది. దానికి తోడు కావాలి కాబట్టి ఒక ఆడ చేపను తెచ్చి వేయాలన్నది రెండవది. మొదటిది సగం నిజం. రెండవది చాలా ఇళ్ళలో తెల్లవారేసరికి ఒక చేప చావుతోనో, వారం తిరిగేసరికి నూరు పిల్లల చావుతోనో ముగుస్తుంది. అందువల్ల ఆడ చేప కోసం దుకాణానికి వెళ్ళే ముందు, ఆ నురగ ఏమిటో తెలుసుకుని, మీ ఇంట్లో ఉన్న స్థలాన్నీ సమయాన్నీ లెక్క చూసుకోవాలి.

ముందు అది గూడేనా అని చూడండి

ఫిల్టరు నుంచి వచ్చే బుడగలు పెద్దవిగా, పలుచగా ఉండి కొద్దిసేపటికే పగిలిపోతాయి. మేత ఎక్కువై నీరు చెడినప్పుడు వచ్చే తెట్టు జిడ్డుగా, పసుపు ఛాయతో, కొంచెం వాసనతో నీటి మీద అంతటా పరచుకుంటుంది. చేప కట్టిన గూడు ఈ రెండింటిలా ఉండదు. బుడగలు చిన్నవిగా, దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి, ఒకదానిపై ఒకటి పొరలుగా పేరుకుంటాయి, తేలే ఆకు కిందనో ట్యాంకు అంచును ఆనుకునో ఒకే చోట నిలుస్తాయి. అనుమానం ఉంటే ఫిల్టరును గంటసేపు ఆపి, చేపను గమనించండి. మగ చేప పైకి వచ్చి గాలి మింగి, దాన్ని నోటిలోని జిగురుతో పూత పూసి, ఒక్కొక్క బుడగగా అదే చోట వదులుతుంటే అది గూడే. గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి బుడగలు నిలవడానికి కారణం ఆ జిగురే.

ఈ అలవాటు దాని పుట్టిన చోటు నుంచి వచ్చింది. బెట్టా స్ప్లెండెన్స్ అనే ఈ చేప మధ్య థాయ్‌లాండ్ లోని వరిమళ్ళకు, చిత్తడి నేలలకు, మెల్లగా పారే కాలువలకు చెందినది. అక్కడ దీన్ని ‘ప్లా కాత్’ అంటారు, అంటే కొరికే చేప అని అర్థం. 2019లో థాయ్‌లాండ్ ప్రభుత్వం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. లోతు తక్కువగా, వెచ్చగా, ఆకులు కుళ్ళుతూ ఉండే ఆ నీటిలో ప్రాణవాయువు చాలా తక్కువ. పెద్ద చేపకు మొప్పల పైన లాబిరింత్ అనే అదనపు అవయవం ఉంటుంది కనుక అది పైకి వచ్చి గాలిని నేరుగా పీల్చుకోగలదు. గుడ్డు అలా చేయలేదు. అడుగున బురదలో పడిన గుడ్డు ఊపిరాడక చస్తుంది. అందుకే తండ్రి దాన్ని ప్రాణవాయువు ఎక్కువగా దొరికే నీటి పైపొరలో, బుడగల మధ్య నిలబెడతాడు. మన కొర్రమీను కూడా ఇటువంటి నీటిలోనే బతుకుతూ, పైకి వచ్చి గాలి పీలుస్తూ, నీటి మీద తేలే గుడ్లకు కాపలా కాస్తుంది. అయితే కొర్రమీను గుడ్లు వాటంతట అవే తేలుతాయి. ఫైటర్ గుడ్లు మునుగుతాయి కాబట్టి దానికి గూడు తప్పనిసరి అయింది.

గూడు ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు

గూడు కట్టిన చేప చాలావరకు మగదేనని (ఆడది కట్టడం అరుదు), ఈడుకు వచ్చిందని, ఆ క్షణానికి తీవ్రమైన జబ్బుతోనో ఆకలితోనో లేదని మీరు నమ్మవచ్చు. అంతకు మించి ఏమీ తేల్చుకోకండి. దుకాణంలో అరలీటరు నీరు పట్టని ప్లాస్టిక్ కప్పుల్లో, మురికి నీటిలో కూడా ఈ చేపలు గూళ్ళు కడుతుంటాయి. కాబట్టి గూడు మీ ట్యాంకుకు ఇచ్చిన యోగ్యతాపత్రం కాదు. చేప వ్యర్థాల నుంచి పుట్టే విషమైన అమ్మోనియా నీటిలో ఉందో లేదో పరీక్ష కిట్టు చెప్పాలి గాని గూడు చెప్పదు. ఆడ చేప కావాలన్న విన్నపం కూడా అందులో లేదు, ఎందుకంటే ఆడ చేపను ఎన్నడూ చూడని మగ చేప కూడా గూడు కడుతుంది. నీరు మార్చిన మరునాడు, వేడి కొంచెం పెరిగినప్పుడు, ముసురు పట్టి వాన కురిసే రోజుల్లో గూళ్ళు ఎక్కువగా కనిపిస్తాయని పెంపకందారులు చెబుతారు.

దీనికి ఎదురు మాట కూడా అంతే నిజం. గూడు కట్టని చేప జబ్బు చేపేమీ కాదు. నీటి ప్రవాహం బలంగా ఉన్నా, నీరు చల్లబడినా, వయసు మీరినా కట్టదు. ఏ కారణమూ లేకుండా జీవితాంతం కట్టని చేపలు కూడా ఉన్నాయి. ఇన్నాళ్ళూ కడుతున్న చేప మానేయడంతో పాటు రెక్కలు ముడుచుకుని, మేత ముట్టకుండా మూల కూర్చుంటే అప్పుడు మాత్రం ముందు నీటి వేడిని, తరువాత అమ్మోనియాను పరీక్షించండి.

ఆడ చేప లేని ట్యాంకులో గూడు ఖాళీదే, అందులో గుడ్లు ఉండవు. గుడ్లున్న గూడులో బుడగల మధ్య గసగసాల గింజలంత తెల్లని చుక్కలు కనిపిస్తాయి. ఇంకొక అపోహను కూడా ఇక్కడే తీర్చుకోవడం మంచిది. ఆడ చేపకు గుడ్లు నిండినంత మాత్రాన జత కట్టించి తీరాలన్న నియమం లేదు. మగ చేప లేకపోయినా అది గుడ్లు వదిలేస్తుంది, లేదా వాటిని శరీరంలోనే తిరిగి ఇముడ్చుకుంటుంది.

నీరు మార్చేటప్పుడు గూడును ఏం చేయాలి

ఏమీ చేయనక్కర్లేదు. గూడు చెదురుతుందన్న జాలితో నీరు మార్చడం వాయిదా వేయడం చాలామంది చేసే పొరపాటు. చెదిరిన గూడును చేప ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ కడుతుంది, చెడిన నీటితో పాడైన మొప్పలు మాత్రం అంత సులభంగా బాగుపడవు. గూడు నిలవాలని మీకు ఉంటే అడుగు నుంచి సన్నని గొట్టంతో నీటిని మెల్లగా తీసి, కొత్త నీటిని గోడ వెంట జారేలా పోయండి. కొళాయి నీరు అయితే క్లోరిన్ విరిచే మందు కలపండి. ఒక రాత్రి నిలవ ఉంచితే క్లోరిన్ పోతుంది గాని, కొన్ని చోట్ల దానికి బదులు కలిపే క్లోరమైన్ పోదు. బోరు నీటిలో క్లోరిన్ ఉండదు, కాని చాలా ఊళ్ళలో లవణాలు ఎక్కువ కనుక దాన్ని ఆర్వో నీటితో కలిపి వాడటం మేలు.

మగ చేపకు గూడు కట్టే అవకాశం కల్పించాలనుకుంటే ఒక ఎండు బాదం ఆకు చాలు. ఇక్కడ చెబుతున్నది వీధుల్లో నీడ కోసం పెంచే, ఎర్రబడి రాలే పెద్ద ఆకుల బాదం చెట్టు గురించి. ఆన్‌లైన్లో పొట్లాలుగా కట్టి అమ్మే ఆకు ఇదే. పురుగుమందు చల్లని చోట, రోడ్డు దుమ్ముకు దూరంగా, తనంతట తాను రాలి ఎండిన ఆకును ఏరి, కడిగి వేస్తే సరిపోతుంది. నీరు పలుచని టీ రంగుకు తిరిగితే భయపడకండి.

మీ చేపను ఇంతవరకు చక్కగా చూసుకుంటే చాలు, చాలామంది ఇక్కడే ఆగవచ్చు. జత కట్టకపోవడం వల్ల మగ చేప ఆయుష్షు తగ్గదు.

జత కట్టించే ముందు సీసాలు లెక్కపెట్టండి

పెంపకం గురించి చెప్పేవారు సాధారణంగా మగ చేపను ఎంచుకోవడంతో మొదలుపెడతారు. మీరు చివరి నుంచి మొదలుపెట్టండి. ఒక్క కలయికలో కొన్ని డజన్ల నుంచి కొన్ని వందల వరకు గుడ్లు రావచ్చు. మధ్యస్థంగా నూరు పిల్లలు బతికాయని, అందులో సగం మగవని అనుకుందాం. రెండు మూడు నెలల వయసులో ఆ యాభై మగ చేపలు ఒకదాని రెక్కలు ఒకటి చింపుకోవడం మొదలుపెడతాయి కనుక ప్రతి దానికీ విడి సీసా కావాలి. ఒక్కో సీసాకు రెండు లీటర్లు అనుకున్నా అది నూరు లీటర్ల నీరు. వాటిలో ఫిల్టరు ఉండదు కాబట్టి రెండు రోజులకొకసారి ఆ నూరు లీటర్లనూ మీ చేతులతోనే మార్చాలి. తెలంగాణలో డిసెంబరు, జనవరి రాత్రుల చలికి యాభై సీసాలను వెచ్చగా ఉంచడం, ఏప్రిల్, మే నెలల్లో మేడ మీది గదిలో అవి ఉడికిపోకుండా చూడటం మరో పని.

ఆ తరువాత ఇవి ఎవరికి పోతాయన్న ప్రశ్న వస్తుంది. అమ్మి లాభం చూద్దామనుకుంటే చెన్నైలోని కొళత్తూరు వంటి అలంకరణ చేపల కేంద్రాల నుంచి తక్కువ ధరకు వచ్చే సరుకుతో పోటీ పడాలి. దుకాణంలో కొన్న గుర్తు తెలియని జత పిల్లలకు మంచి ధర రావడం అరుదు. మిగిలిన వాటిని చెరువులోనో కాలువలోనో వదలడం పరిష్కారం కాదు. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలోని అడిలైడ్ నది పరిసరాల్లో ఈ చేప ఇలాగే చేరి స్థిరపడింది. పందేలకు చేపలు కావాలని అడిగేవారికి ఇవ్వకండి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఏ జంతువునైనా పోరుకు ఉసిగొల్పడాన్ని నేరంగా చూస్తుంది, చేప కూడా ఆ చట్టం దృష్టిలో జంతువే.

కాబట్టి కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి: కనీసం యాభై సీసాలు పట్టే, వేడి నిలకడగా ఉండే చోటు; రాబోయే నాలుగు నెలల పాటు రోజుకు గంట సమయం; పిల్లలను తీసుకుంటామని ఇప్పుడే మాట ఇచ్చిన మనుషుల పేర్లు. మూడింటిలో ఏ ఒక్కటి ఖాళీగా ఉన్నా, నా అభిప్రాయంలో, ఈ ఏడాదికి జత కట్టించవద్దు.

జతను ఎంచుకోవడం

రెండూ నాలుగు నెలల నుంచి ఏడాది లోపు వయసువైతే మంచిది. దుకాణాల్లో పొడవాటి రెక్కలతో నిండుగా కనిపించే మగ చేపలు తరచు అప్పటికే ముదిరి ఉంటాయి కనుక, పుట్టిన తేదీ చెప్పగల పెంపకందారు దగ్గర కొనడం మేలు. ఆడది మగదాని కంటే కొంచెం చిన్నదిగా ఉండాలి. వంకర వెన్ను, సరిగా మూయని మొప్ప, కంటి మీదికి పెరిగిన పొలుసు ఉన్న చేపను, అది ఎంత అందంగా ఉన్నా, పక్కన పెట్టండి. రెండు తోకల రకాన్ని అదే రకంతో జత కడితే వెన్ను లోపాలు పెరుగుతాయి.

రంగు విషయంలో దుకాణదారు మాట కంటే జన్యువు లెక్క నమ్మదగినది. రెండు రాయల్ బ్లూ చేపలను కలిపితే పిల్లలన్నీ రాయల్ బ్లూ కావు. సగటున సగం రాయల్ బ్లూ, పావు వంతు టర్కాయిస్, పావు వంతు స్టీల్ బ్లూ వస్తాయి. కోయి, గెలాక్సీ పేర్లతో అమ్మే చేపల్లో మార్బుల్ జన్యువు ఉంటుంది కనుక, వాటి పిల్లల రంగు రెండో నెలలో ఒకలా, ఐదో నెలలో మరొకలా మారుతూ పోతుంది.

మేత ముందు, గుడ్లు తరువాత

ఈ ఒక్క మెట్టులో తప్పినందుకే నా మొదటి ప్రయత్నంలో ఆరో రోజుకు ఒక్క పిల్లా మిగల్లేదు. గుడ్లు పొదిగాయన్న సంబరంలో మేత కోసం అప్పుడు వెతకడం మొదలుపెట్టాను. పుట్టిన పిల్ల నోరు ఎంత చిన్నదంటే పొడి మేత దానికి పనికిరాదు, కదలని దాన్ని అది మేతగా గుర్తించదు కూడా. అందువల్ల జతను కలపడానికి వారం ముందే ఇన్ఫ్యూసోరియా, అంటే నీటిలో పెరిగే సూక్ష్మజీవుల మేత, తయారు చేసుకోండి. ట్యాంకు నుంచి తీసిన పాత నీటిని వెడల్పు మూతి సీసాలో పోసి, ఎండిన అరటాకు ముక్క లేదా క్యాబేజీ రెబ్బ వేసి, వెలుతురు తగిలే చోట ఉంచండి. మొదట నీరు మసకబారి వాసన వేస్తుంది, అది బాక్టీరియా దశ. నాలుగైదు రోజులకు నీరు తేటపడి, వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే ధూళి కణాల్లా కదిలే జీవులు కనిపిస్తాయి. అప్పుడే అది మేతగా పనికొస్తుంది.

రెండో మేత ఆర్టీమియా, అంటే డబ్బాల్లో ఎండు గుడ్లుగా అమ్మే ఒక చిన్న ఉప్పునీటి జీవి పిల్లలు. ఇది ఆంధ్ర తీరంలోని రొయ్య పిల్లల హేచరీల్లో పనిచేసిన వారికి కొత్త కాదు. లీటరు నీటికి 25 నుంచి 30 గ్రాముల అయోడిన్ లేని ఉప్పు కలిపి, గాలి పంపు పెట్టి, వెలుతురులో 26 నుంచి 28 డిగ్రీల వేడిలో ఉంచితే దాదాపు ఒక రోజులో పొదుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే ఖాళీ పెంకులు పైకి తేలుతాయి. సన్నని బట్టలో వడగట్టి, మంచినీటితో కడిగి, పెంకులు లేకుండా చూసుకుని వేయాలి. అసలు రోజుకు ముందు ఒకసారి ప్రయత్నించి చూడండి, ఎందుకంటే పాతబడిన డబ్బాలో గుడ్లు పొదగవు.

ఈ వారంలోనే మగ, ఆడ చేపలను ఒకదానికొకటి కనిపించకుండా వేరువేరుగా ఉంచి, దోమ లార్వాలు, మోయినా (సన్నని నీటి పురుగు), గడ్డకట్టిన బ్లడ్ వార్మ్ (ఎర్రని పురుగుల్లాంటి లార్వాలు) వంటి మేతను రోజుకు రెండు మూడు సార్లు కొద్దికొద్దిగా ఇవ్వండి.

కలిపే ట్యాంకు, కలిపే తీరు

నలభై లీటర్ల ట్యాంకులో నీటిని పన్నెండు, పదిహేను సెంటీమీటర్ల ఎత్తుకే నింపండి. రాలిన గుడ్లను మగ చేప వెతికి పైకి తేవాలి కనుక లోతు పనికిరాదు, ఇసుక, రాళ్ళు ఉండకూడదు. హీటరుతో 27 లేదా 28 డిగ్రీల వద్ద నిలపండి. థర్మాకోల్ కప్పును నిలువునా సగానికి కోసి నీటి మీద బోర్లిస్తే దాని కింద గూడు చక్కగా నిలుస్తుంది, బాదం ఆకు ముక్క కూడా సరిపోతుంది. ఆడ చేప దాక్కోవడానికి ఒక పక్క జావా మాస్ లేదా మరేదైనా నీటి మొక్కలను దట్టంగా వేయండి. పైన గట్టి మూత వేసి లోపలి గాలిని వెచ్చగా, తేమగా ఉంచండి.

ముందు మగ చేపను వదలండి. మరునాడు ఆడ చేపను వెడల్పైన గాజు గ్లాసులోనో అడుగు కోసిన పారదర్శక సీసాలోనో ఉంచి ఆ ట్యాంకులో పెట్టండి. మగది రెక్కలు విప్పి ఊగుతుంది, తరువాత గూడు పనిలో పడుతుంది. ఆడదాని మీద నిలువు చారలు తేలి, అది తల వంచి మగదాని వైపు ఈదుతూ ఉంటే సిద్ధంగా ఉన్నట్టు. అడ్డ చారలు తేలి మూలకు నక్కితే భయపడుతున్నట్టు, అప్పుడు వదలకండి. లేత రంగు చేపల్లో ఈ చారలు కనిపించకపోవచ్చు కనుక వాటి నడవడికనే చూసుకోవాలి. గూడు నిండుగా తయారై, చారలు తేలాక మాత్రమే, మీరు ఇంట్లో ఉండే రోజు ఉదయం, ఆడ చేపను వదలండి.

తరమడం, ఒకటి రెండు చోట్ల రెక్క చినగడం మామూలే. ఆడది ఒక పక్కకు ఒరిగి లేవలేకపోతున్నా, పొలుసులు ఊడుతున్నా వెంటనే తీసేయాలి. ఆమోదం కుదిరాక మగ చేప గూడు కింద ఆడదాని చుట్టూ తన ఒంటిని వంచి చుట్టుకుంటుంది. మొదటి కొన్ని కౌగిళ్ళు వట్టివే, తరువాత ఒక్కోసారి పది నుంచి నలభై వరకు తెల్లని గుడ్లు రాలుతాయి. ఆడది కాసేపు స్పృహ తప్పినట్టు తేలుతుంది, చనిపోయిందని కంగారుపడకండి. ఆ వ్యవధిలో మగది గుడ్లను నోటితో ఏరుకుని గూడులో ఉంచుతుంది. ఇలా రెండు నుంచి ఆరు గంటల పాటు సాగుతుంది. మగది ఆడదాన్ని గూడు దగ్గరకు రానివ్వకుండా తరమడం మొదలుపెట్టగానే పని పూర్తయినట్టు. ఆడ చేపను గిన్నెతో మెల్లగా తీసి, బాదం ఆకు వేసిన శుభ్రమైన నీటిలో ఒంటరిగా కోలుకోనివ్వండి.

తండ్రి కాపలా

ఇక పిల్లలు ఈదేవరకు, అంటే మూడు నుంచి ఐదు రోజులు, మీరు చేయవలసింది చూడటమే. రాత్రి కూడా మసక దీపం ఉంచితే పడిపోయిన గుడ్లను తండ్రి కనిపెట్టగలడు. 24 నుంచి 48 గంటల్లో గుడ్లు పొదిగి, సన్నని తోకలు గూడు నుంచి కిందికి వేలాడతాయి. జారిన ప్రతి పిల్లనూ తండ్రి పట్టి తెచ్చి మళ్ళీ అతికిస్తాడు. మొదటిసారి తండ్రైన చేప గుడ్లను తినేయడం తరచు జరిగేదే, అటువంటప్పుడు రెండు వారాల విశ్రాంతి, మంచి మేత ఇచ్చి మరోసారి చూడండి. ఆ సమయంలో మాటిమాటికీ మూత తీయడం, ఫోను వెలుతురు వేసి ఫొటోలు తీయడం దాన్ని కలవరపెడతాయి.

పొదిగిన రెండు మూడు రోజులకు పిల్లలు అడ్డంగా, స్వేచ్ఛగా ఈదడం మొదలుపెడతాయి. ఆ రోజే తండ్రిని తీసేయాలి, అదే రోజు మొదటి మేత వేయాలి. అంతవరకు వాటి పొట్టలోని పచ్చసొనే వాటికి ఆహారం.

పిల్లలు

మొదటి నాలుగైదు రోజులు ఇన్ఫ్యూసోరియాను రోజుకు మూడు నాలుగు సార్లు, తరువాత అప్పుడే పొదిగిన ఆర్టీమియాను వేయండి. పిల్ల పొట్ట నారింజ రంగుకు తిరిగితే తిన్నట్టు. మిగిలిన మేత కుళ్ళకుండా, గాలి గొట్టంతో అడుగున ఉన్న నీటిని రోజూ కొంచెం కొంచెం తీసి, అదే వేడి గల నీటిని చుక్కలుగా చేర్చండి. స్పాంజ్ ఫిల్టరును బుడగ లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా మాత్రమే నడపండి. మొదటి వారాల్లోనే లాబిరింత్ అవయవం ఏర్పడుతుంది కనుక మూత తీసి చల్లగాలి తగలనివ్వవద్దు. పిల్లలు పెరిగేకొద్దీ నీటి ఎత్తును మెల్లగా పెంచుతూ, నెల దాటాక తరిగిన బ్లడ్ వార్మ్, మెత్తని పొడి మేత అలవాటు చేయవచ్చు.

రెండో నెల నుంచి రోజూ ఒకసారి మొత్తం గుంపును గమనించండి. రెక్కలు విప్పి ఎదురునిలిచే మగ పిల్లను ఆ రోజే సీసాలోకి మార్చాలి, ఎందుకంటే ఒకటి మొదలుపెడితే మిగిలినవి అనుసరిస్తాయి. ఆడ పిల్లలు కలిసి పెరగగలవు. సీసాలను పక్కపక్కన పెట్టినప్పుడు మధ్యలో కాగితం అడ్డు పెట్టండి, లేకపోతే రోజంతా పొరుగు చేపను చూసి ఉలుకుతూ అలిసిపోతాయి.

నాలుగో నెలకు చేపలు ఇవ్వడానికి సిద్ధమవుతాయి. మార్బుల్ పిల్ల అయితే రంగు ఇంకా మారవచ్చని తీసుకునేవారికి ముందే చెప్పండి. ఇచ్చే ముందు రోజు మేత ఆపండి. ఒక్కో చేపను ఒక్కో సంచిలో, మూడో వంతు నీరు, మిగిలినది గాలి ఉండేలా కట్టి, సంచుల మధ్య కాగితం చుట్టి, నీరు చల్లబడకుండా థర్మాకోల్ పెట్టెలో పెట్టి పంపండి.